ఇంటి మాట, రచ్చ మాట

ఇంట గెలిచి రచ్చ గెలువుమని తెలుగువారి సామెత. సామాన్యంగా దీనిని మనుష్యుల విషయంలో వాడుతారు. తనవారి మన్ననకు నోచుకోనివాడు పరులను మెప్పించబూనడం వృథాప్రయాస అని దాని తాత్పర్యం. కాని రాజ్యాలకు కూడా ఇల్లు ఉన్నది, రచ్చ ఉన్నది. ఒక రాజ్యం పొరుగు రాజ్యంతో ఒడంబడిక చేసుకొనేటప్పుడు సంతకం చేసే చేయి ఒకటే. ఆ చేతిని నడిపేవి, ఆపేవి, వెనుకకు లాగేవి అనేకం. శాసనసభలు, న్యాయస్థానాలు, రాజకీయపక్షాలు, పత్రికలు, ఎన్నికల గడువులు, సరిహద్దున దున్నుకొనే రైతులు, సముద్రం మీద బతికే జాలరులు - వీరందరి బరువూ ఆ కలం మీద పడుతుంది. విదేశాంగ నీతి దేశీయ రాజకీయాల నీడ అని కొందరంటారు. నీడ కావచ్చును, అయితే ఆ నీడ ఎవరి పొలం మీద పడుతున్నదని అడిగినప్పుడు రాజనీతి విచారం ధర్మవిచారంగా మారుతుంది.

కౌటిల్యుడు రాజ్యానికి ఏడు అంగాలు చెప్పాడు. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం - ఈ ఆరూ ఇంటికి చెందినవి. మిత్రుడు ఒక్కడే బయటివాడు. రాజమండలాన్ని అంత సూక్ష్మంగా లెక్కవేసిన ఆచార్యుడే ఆరు పాళ్లు ఇంటికి, ఒక పాలు రచ్చకు కేటాయించాడు. బాహ్యకోపం కంటె ఆభ్యంతరకోపం ఎక్కువ కీడు చేస్తుందని, అది పాము భయం వంటిదని కూడా హెచ్చరించాడు. అయితే ఆయన దృష్టిలో ఇంటివారు రాజు ఎదుట ఉన్న ఒక పరిస్థితి మాత్రమే. వారి అసంతృప్తిని అతడు కనిపెట్టాలి, చల్లార్చాలి, అవసరమైతే అణచాలి. పొరుగురాజుతో సంధి చేసుకోవలెనా వద్దా అని వారిని అడగవలసిన పని లేదు. ప్రజాస్వామ్యంలో ఈ సంబంధం తలక్రిందులయింది. ఇంటివారే స్వాములు, సంతకం చేసేవాడు వారి అమాత్యుడు. కనుక కౌటిల్యునికి ఉపాయానికి సంబంధించినదైన ప్రశ్న ఆధునికునికి అధికారానికి సంబంధించినది అవుతున్నది: పొరుగువానికి ఇచ్చిన మాట అసలు ఎవరి మాట?

ఈ ప్రశ్నకు మహాభారతంలో ఒక ఘట్టం ఉన్నది. ఉద్యోగపర్వంలో కృష్ణుడు సంధి కోరి హస్తినకు వస్తాడు. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు - పెద్దలందరూ సంధియే మేలంటారు. ధృతరాష్ట్రుడు సైతం కాదనడు. తాను స్వతంత్రుడను కానని, కొడుకు తన మాట వినడని, చేతనైతే అతనికే నచ్చజెప్పుమని వచ్చిన రాయబారినే వేడుకొంటాడు. పొరుగువారితో మంచిగా ఉండాలనే ఉన్నది, ఇంటిలో సాగనివ్వరు - ఈ మాటను నేటికీ రాజధానులలో రాయబారులు వింటూనే ఉన్నారు. గాంధారి మాత్రం ఆ సాకును అంగీకరించదు. కొడుకు దుర్బుద్ధి తెలిసి తెలిసి అతని ఇచ్చ ననుసరించిన భర్తనే నిందిస్తుంది. ఇంటిలో తాను చేయవలసిన పనిని చేయకపోగా ఆ భారాన్ని అతిథి మీద మోపడం రాజధర్మం కాదని ఆమె తీర్పులో గర్భితమై ఉన్నది.

ఆధునిక తత్త్వవేత్తలు ఈ విషయంలో రెండు దారులు పట్టారు. 1795లో కాంట్ శాశ్వత శాంతిని గురించి వ్రాస్తూ, యుద్ధభారాన్ని మోసేవారే యుద్ధాన్ని నిర్ణయించవలసి వస్తే వారు అంత తేలికగా అందుకు పూనుకోరని వాదించాడు. పన్ను కట్టేవాడు, ప్రాణం పోగొట్టుకొనేవాడు, పాడుపడిన ఊరిని తిరిగి కట్టుకొనేవాడు పౌరుడే గదా! రాజు విందు వినోదాలకు యుద్ధం వల్ల లోటు రాదు. నలభై సంవత్సరాల తరువాత అమెరికా ప్రజాస్వామ్యాన్ని పరిశీలించిన టోక్విల్ వేరొక మాట చెప్పాడు. పరరాష్ట్ర వ్యవహారాలకు కావలసిన రహస్యం, ఓపిక, ఒకే పట్టున నిలిచే గుణం ప్రజాస్వామ్యానికి సహజంగా అబ్బవని, ఆవేశం వివేకాన్ని తోసివేస్తుందని ఆయన అనుమానం. వీరిలో ఎవరు సరియైనవారని తేల్చడానికి సిద్ధాంతం చాలదు. భారతదేశపు తూర్పు సరిహద్దున జరిగిన ఒక సుదీర్ఘమైన కథ ఇద్దరినీ పరీక్షకు పెట్టింది.

1947లో రాడ్‌క్లిఫ్ బెంగాలును విభజించినప్పుడు జల్పాయిగుడి జిల్లాలోని బేరూబారీ యూనియన్ భారతదేశంలో ఉండిపోయింది. తీర్పు పాఠానికీ, దానితో జతపరచిన పటానికీ పొందిక కుదరలేదన్న ఆధారంతో 1952లో పాకిస్తాన్ ఆ భూమిని కోరింది. అది ఎనిమిదిముప్పాతిక చదరపు మైళ్ల నేల. జనం పదివేలో పన్నెండువేలో. 1958 సెప్టెంబరులో ప్రధానులు నెహ్రూ, ఫిరోజ్‌ఖాన్ నూన్ ఢిల్లీలో కలిసి దానిని చెరిసగం చేసుకోవడానికి, కూచ్ బిహార్ ప్రాంతంలో ఒక దేశపు భూమి మధ్య చిక్కుకొన్న రెండవ దేశపు ఊళ్లను మార్చుకోవడానికి ఒప్పుకొన్నారు. ఒక నెల తిరిగేసరికి పాకిస్తాన్‌లో సైనికశాసనం వచ్చి నూన్ ప్రభుత్వం తొలగిపోయింది. భారతదేశంలో ప్రభుత్వం పడిపోలేదు, ఒప్పందం ఆగిపోయింది.

దానిని ఆపినవారు సామాన్యులు. తమ ఊరు రేపు వేరొక దేశమవుతుందని పత్రికలలో చదివి తెలుసుకొన్న మనుష్యులు. వారిలో పలువురు ఒకసారి ఇల్లు వదలి వచ్చిన శరణార్థులు. పశ్చిమ బెంగాల్ శాసనసభలో, వీథులలో వ్యతిరేకత ప్రబలింది. రాష్ట్రపతి 143వ అధికరణం క్రింద సర్వోన్నత న్యాయస్థానం సలహా కోరాడు. దేశభూమిని వదులుకోవడం ప్రభుత్వాజ్ఞ వల్ల కాదు, రాజ్యాంగాన్ని సవరిస్తే తప్ప సాధ్యం కాదని 1960 మార్చిలో న్యాయస్థానం చెప్పింది. ఆ సంవత్సరం డిసెంబరులో తొమ్మిదవ సవరణ వచ్చింది. అయినా వ్యాజ్యాలూ, ఆందోళనలూ ఆగలేదు. హద్దురాళ్లు పాతనే లేదు. ఇంతలో 1971లో తూర్పు పాకిస్తానే లేకుండా పోయింది.

ఇంతవరకు కథ విన్నవారు కాంట్ పక్షం వహిస్తారు. తన నేల పోగొట్టుకొనేవాడు కాదనడానికి అధికారం కలిగి ఉన్నాడు. అతని మాట న్యాయస్థానం దాకా వెళ్లింది. మహానాయకుడైన ప్రధాని సంతకం కూడా దాని ముందు నిలిచిపోయింది. ఇందులో గర్వించదగినది ఉన్నది. పదివేల మంది పల్లెవాసుల మాట రెండు ప్రభుత్వాల మాట కంటె బరువు తూగే రాజ్యాలు లోకంలో అరుదు.

కాని కథలో మిగిలిన సగం ఉన్నది. ఆ ఒడంబడికతో ముడిపడి ఉన్నవి మార్చుకోవలసిన ఊళ్లు. బంగ్లాదేశ్ నడుమ 111 భారతీయ ఖండాలు, 17,160 ఎకరాలు. భారతదేశం నడుమ 51 బంగ్లాదేశ్ ఖండాలు, 7,110 ఎకరాలు. కూచ్ బిహార్ రాజూ, రంగపూర్ ఫౌజుదారూ చదరంగంలో ఊళ్లను పందెం ఒడ్డి ఓడిపోయారని జనం చెప్పుకొనే కథ; పద్దెనిమిదవ శతాబ్దారంభంలో మొగలులకు, కూచ్ బిహార్‌కు కుదిరిన సంధిలో వాటి పుట్టుక ఉన్నది. రాజుల కాలంలో అది శిస్తు ఎవరికి కట్టాలన్న చిక్కు మాత్రమే. 1947 తరువాత అది మనిషి ఉనికినే ప్రశ్నించే చిక్కుగా మారింది. ఊరు ఒక దేశానిది, చుట్టూ ఉన్న భూమి మరొక దేశానిది. తన దేశపు పోలీసు రావాలంటే పరదేశం దాటి రావాలి. పరదేశపు పోలీసుకు అక్కడ అధికారం లేదు. బడి లేదు, వైద్యశాల లేదు, విద్యుద్దీపం లేదు. పిల్లవానిని ఇరుగు దేశపు బడిలో చేర్పించాలంటే ఇంకొకరి ఇంటిపేరు, ఇంకొకరి చిరునామా అరువు తెచ్చుకోవలసి వచ్చేది. కొన్ని చోట్ల కన్నతండ్రి పేరు మార్చి వేరొకరిని తండ్రిగా వ్రాయించవలసి వచ్చేది.

1974 మే నెలలో ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ కొత్త ఒప్పందం చేసుకొన్నారు. దక్షిణ బేరూబారీ భారతదేశానికే ఉండేటట్లు, దానికి బదులు దహగ్రామ్, అంగర్‌పోతా బంగ్లాదేశ్‌కు ఉండేటట్లు, ఆ ఊళ్లకు పోవడానికి తీన్‌బీఘా దగ్గర 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు గల దారి శాశ్వతంగా కౌలుకు ఇచ్చేటట్లు కుదిరింది. బేరూబారీ వాసుల కోరిక తీరింది. బంగ్లాదేశ్ ఆ సంవత్సరమే తన రాజ్యాంగాన్ని సవరించుకొని ఒప్పందాన్ని ధ్రువపరచింది. భారత పార్లమెంటు ధ్రువపరచింది 2015లో. నడుమ నలభైయొక్క సంవత్సరాలు. ఆ చిన్న దారి తెరవడానికే 1992 జూన్ 26వ తేదీ దాకా పట్టింది. కూచ్ బిహార్‌లో దానికి వ్యతిరేకంగా ఉద్యమాలు లేచాయి. 2013 డిసెంబరులో సవరణ బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చినప్పుడు సరిహద్దు రాష్ట్రాల సభ్యులు, ప్రధాన ప్రతిపక్షం అభ్యంతరం తెలిపారు. ఏడాదిన్నర గడిచి ఆ ప్రతిపక్షమే అధికారపక్షం కాగానే ఆ బిల్లునే 2015 మేలో ఉభయసభలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. భూమి మారలేదు, పటం మారలేదు. సభలో కూర్చునే ఆసనాలు మారాయి.

ఇక్కడ టోక్విల్ అనుమానం గుర్తుకు వస్తుంది. కాని ఈ జాప్యానికి కారణం ఆవేశం కాదు. లెక్క. 2011లో ఇరుదేశాలు కలసి జనసంఖ్య తీసినప్పుడు ఈ ఖండాలన్నింటిలో 51,549 మంది తేలారు. వీరిలో ఎవరికీ ఏ దేశంలోనూ నిలకడగా వోటు లేదు. బేరూబారీ వాసికి వోటు ఉన్నది, శాసనసభ్యుడు ఉన్నాడు, న్యాయస్థానానికి పోయే దారి ఉన్నది. అందువల్ల అతని మాట ఢిల్లీకి వినబడింది. ఖండాలలోని మనిషికి అవేమీ లేవు. ఆలస్యం వల్ల ఏ పక్షమూ ఒక్క వోటు పోగొట్టుకోదు. దేశభూమిని పరులకు ధారపోశారన్న నింద మాత్రం ఎన్నికలలో వోట్లు పోగొడుతుంది. కనుక ప్రతి ప్రభుత్వమూ, నిజాయితీ గలది కూడా, రేపు చూద్దామన్నది. కాంట్ వాదంలో దాగిన షరతు ఇది: భారం మోసేవాడే నిర్ణయించేవాడు కావాలి. నిర్ణయించేవారు వేరు, మోసేవారు వేరు అయినచోట ప్రజాస్వామ్యపు వివేకం పనిచేయదు.

అదే 1974వ సంవత్సరం జూన్ నెలలో అదే ప్రభుత్వం దక్షిణాన మరొక హద్దు గీసింది. పాక్ జలసంధిలోని కచ్చతీవు 285 ఎకరాల ద్వీపం. స్థిరనివాసులు లేరు, అంతోనీ పునీతుని గుడి ఒకటి, ఏటేటా ఒక ఉత్సవం. ఆ ద్వీపం శ్రీలంక వైపు ఉండేటట్లు సముద్రంలో సరిహద్దు నిర్ణయమయింది. అది భూమిని వదులుకోవడం కాదని, ఎన్నడూ తేలని హద్దును తేల్చుకోవడమని ప్రభుత్వం వాదించింది. కాబట్టి రాజ్యాంగ సవరణ అక్కరలేకపోయింది. తమిళనాడు అభ్యంతరం చెప్పింది, దానిని లక్ష్యపెట్టలేదు. మొదటి ఒప్పందంలో జాలరులకు, యాత్రికులకు మునుపటివలె ద్వీపానికి పోయే వీలు ఉంచారు. 1976 మార్చిలో జరిగిన రెండవ ఒప్పందంతో, ఒకరి జలాలలో మరొకరు చేపలు పట్టరాదన్న ఏర్పాటు వచ్చింది. అది అత్యవసర పరిస్థితి కాలం. తమిళనాడు ప్రభుత్వాన్ని అంతకు రెండు నెలల ముందే తొలగించారు. అడిగేవారు లేని సమయంలో ఇచ్చిన మాట అది.

అడిగేవారు లేరని అడగవలసిన ప్రశ్న లేకుండా పోలేదు. వలలు పోగొట్టుకొని, పడవలు పోగొట్టుకొని, చెరసాలలలో మగ్గే జాలరుల రూపంలో ఆ ప్రశ్న తరతరాలుగా తిరిగి వస్తూనే ఉన్నది. పంచన ఉన్న శ్రీలంక తమిళుల వ్యథ దానితో కలిసింది. 2012లో, 2013లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలిలో భారతదేశం శ్రీలంకపై వచ్చిన తీర్మానాలకు అనుకూలంగా వోటు వేసింది. 2013 మార్చిలో ఒక తమిళ పక్షం తీర్మానం చాలినంత తీవ్రంగా లేదని కేంద్ర ప్రభుత్వం నుండి తప్పుకొన్నది. ఆ నవంబరులో కొలంబోలో జరిగిన కామన్వెల్తు సభకు భారత ప్రధాని వెళ్లలేదు. ఇందులో ఎంత పాలు న్యాయబుద్ధి, ఎంత పాలు సంకీర్ణ గణితం అని వేరుచేయడం కష్టం. ఒకటి చెప్పవచ్చును: ఇంటివారిని అడగకుండా చేసిన పనికి ఇల్లు తరువాత వడ్డీతో లెక్క కడుతుంది, ఆ వడ్డీ కట్టేవాడు తరచుగా సంతకం చేసినవాడు కాడు.

దాచిపెట్టడం కూడా అడగకపోవడంలో ఒక విధమే. అక్సాయ్ చిన్ మీదుగా చైనా వేసిన రహదారి సంగతి 1957 నుండి వినబడుతున్నా, పార్లమెంటుకు ప్రధాని తెలిపింది 1959 ఆగస్టు చివర. సెప్టెంబరులో ఇరుప్రభుత్వాల ఉత్తరప్రత్యుత్తరాలు శ్వేతపత్రంగా వెలువడ్డాయి. ఏళ్ల తరబడి స్నేహగీతమే వినిన జనం ఒక్కసారిగా కలహపు దస్త్రం చదివారు. వారి కోపానికి హద్దు లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. 1960 ఏప్రిల్‌లో చౌ ఎన్ లై ఢిల్లీకి వచ్చి నెహ్రూతోనే గాక పంతు, మొరార్జీ దేశాయి వంటి మంత్రులతోనూ మాట్లాడి వట్టిచేతులతో తిరిగిపోయాడు. ఆ పర్యటన విఫలం కావడానికి కారణం చైనా పట్టుదలా, భారత ప్రజాభిప్రాయమా అన్నది చరిత్రకారులు వాదించుకొనే విషయం. అయితే ముందు నుండి నిజం తెలిసిన ప్రజ నిగ్రహం చూపగలదు; మోసపోయామనుకొన్న ప్రజ చూపజాలదు. టోక్విల్ రహస్యాన్ని రాజనీతికి బలమన్నాడు. ప్రజాస్వామ్యంలో ఆ బలం అప్పుగా తెచ్చుకొన్నది. తీర్చవలసిన రోజున నాయకుని చేతులు కట్టిపడేస్తుంది.

వీటన్నింటికీ భిన్నమైన ఉదాహరణ ఒకటి లేకపోలేదు. 1996 డిసెంబరులో గంగాజలాల పంపకానికి భారత బంగ్లాదేశ్‌ల నడుమ ముప్పై ఏళ్ల ఒడంబడిక కుదిరింది. ఫరక్కా దగ్గర నీరు తగ్గితే మొదట నష్టపోయేది కలకత్తా రేవు. అయినా పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఆ చర్చలలో స్వయంగా పాలుపంచుకొని తన ప్రజలకు తానే జవాబుదారి అయినాడు. 2011 సెప్టెంబరులో తీస్తా ఒప్పందం అంత దాకా వచ్చి, ఆ రాష్ట్రపు ముఖ్యమంత్రి ఆఖరి ఘడియలో తప్పుకోవడంతో, ప్రధాని ఢాకాలో ఉండగానే ఆగిపోయింది. నది వేరు, నీటి కొలత వేరు, కాలం వేరు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచరాదు. తీస్తా రైతు భయమూ ఉత్తది కాదు. కాని ఒక చోట ఇంటివానిని పీట వేసి కూర్చోబెట్టారు. మరొక చోట పెళ్లినాడు పిలుపు పంపినట్లయింది.

దేశీయ రాజకీయాలు విదేశాంగ నీతిని శాసించడం తప్పా ఒప్పా అని అడిగితే, ప్రశ్నే సరిగా లేదని చెప్పవలసి ఉంటుంది. ఇంటికి అతీతమైన దేశప్రయోజనం ఒకటి ఎక్కడో ఆకాశంలో ఉన్నదని, నిపుణులు దానిని దర్శించి జనానికి అందిస్తారని నమ్మడం పాత రాజభక్తికి కొత్త వేషం. దేశప్రయోజనమంటే ఆ దేశంలోని మనుష్యుల ప్రయోజనమే. అది వారి నోటనే వినబడాలి. అందుచేత ఇంటి మాట వినవద్దనడం కుదరదు. ఇంటిలో ఎవరి మాట వింటున్నాము, వారు నష్టం మోసేవారా లేక ఇతరుల నష్టాన్ని చూపి లాభం గడించేవారా అని విచారించడం కుదురుతుంది. బేరూబారీ రైతు అభ్యంతరమూ, ఎన్నడూ ఆ సరిహద్దును చూడని వక్త చేసే అభ్యంతరమూ పలుకులో ఒకటిగానే ఉంటాయి. ధర్మంలో ఒకటి కావు.

నాయకుని బాధ్యత ఇక్కడ మొదలవుతుంది. మా ఇంటివారు ఒప్పుకోరు అన్న మాట సత్యం కావచ్చును, సాకు కావచ్చును. ఈ రెండింటినీ వేరుచేసే గుర్తు ఒక్కటే: ఆ మాట అనకముందు అతడు ఇంటిలో ఎంత వాదించాడు? వోట్లు పోయే ప్రమాదం తలకెత్తుకొని ఎవరికి నచ్చజెప్పాడు? ఆ పని చేసి ఓడినవాడు పొరుగువాని ఎదుట తలదించుకోవలసిన అవసరం లేదు. చేయనివాడు ధృతరాష్ట్రుని ఆసనంలో ఉన్నాడు. అతని నిస్సహాయత అతడు కల్పించుకొన్నదే.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. నాయకుడు నిజాయితీగా వాదించవచ్చును, ఇల్లు నిజాయితీగానే కాదనవచ్చును. అప్పుడు నిరీక్షణభారం వోటు లేని మూడవవాని మీద పడుతుంది. ప్రజాస్వామ్యం ఆలస్యం చేయడానికి హక్కు గలది; ఆ ఆలస్యపు ఖర్చును మాట్లాడలేనివానికి వ్రాసిపెట్టడానికి హక్కు గలది కాదు. రాజ్యాంగ సవరణకు మూడింట రెండు వంతుల బలం కావాలి, నిజమే. ఖండంలోని పిల్లవానికి పక్క బడిలో వాని సొంత తండ్రిపేరుతో చోటివ్వడానికి, గర్భవతిని వైద్యశాలలో చేర్చుకోవడానికి ఏ సవరణ కావాలి? ఇరుదేశాలూ పరస్పరం ఒక ఉత్తరం వ్రాసుకొంటే చాలు. నలభైయొక్క సంవత్సరాలలో ఇంటి రాజకీయాలు అడ్డుపడింది హద్దురాళ్లకు. బడి తలుపుకు అడ్డుపడింది ఉపేక్ష. పొరుగువానితో లెక్క తేలే దాకా గుమ్మంలో నిలిచినవానికి మంచినీళ్లు ఇవ్వరాదన్న నియమం ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు.

2015 జూలై 31వ తేదీ అర్ధరాత్రి ఆ ఊళ్లు చేతులు మారాయి. భారతదేశం నడుమ ఉన్న ఖండాలలోని జనమంతా అక్కడే ఉండి భారతీయులయ్యారు. అవతలి వైపు ఉన్న ముప్పైయేడు వేలకు పైగా జనంలో సుమారు వెయ్యిమంది మాత్రమే ఇల్లూ పొలమూ వదలి భారతదేశానికి రావడానికి ఇష్టపడ్డారు. తక్కినవారు ఉన్నచోటనే ఉండిపోయారు. వారు మొదటి నుండి కోరింది దేశం మారడం కాదు. తామున్న చోటు ఏదో ఒక దేశం కావడం. ఆ రాత్రి అరవైయెనిమిది కొవ్వొత్తులు వెలిగించుకొన్నారు, 1947 నుండి సంవత్సరానికి ఒకటి చొప్పున.